కిటికీలో సముద్రం కనబడని రైలు

ఒక ఆదివారం విశాఖపట్నం వెళ్ళి రావాలని కాకినాడలో ఒక ఇంట్లో అనుకున్నారు. పొద్దున్నే పాసింజరు ఎక్కి, పగలంతా అక్కడ గడిపి, సాయంత్రం బండికి తిరిగి వద్దామని వదిన అంటుంది. ఆమె కాలేజీలో చరిత్ర చెబుతుంది. మరదలికి వారానికి ఆరు రోజుల ఉద్యోగం, సొంత కారు. ఆమెకి ఈ ఆలోచన నచ్చలేదు. ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను. నా మొగ్గు వదిన వైపే. అయినా మరదలు అడిగినవాటిలో కొన్నిటికి వదిన దగ్గర జవాబు లేదు. వాటిని తగ్గించి రాయలేదు.

మరదలు: విశాఖ అన్నారు వదినా, సంతోషం. పాసింజరు అన్నారు, అదే నాకు మింగుడు పడలేదు. మనదీ సముద్రం ఒడ్డు ఊరే, అదీ సముద్రం ఒడ్డు ఊరే. మధ్యలో సుమారు 160 కిలోమీటర్లు రైల్లో కూర్చుంటే ఒక్క కెరటం కనబడదు. ఇక్కడ ఎక్కగానే బండి సముద్రాన్ని వదిలేసి సామర్లకోట దారి పడుతుంది. మళ్ళీ విశాఖలో దిగి, సిటీ బస్సెక్కి ఆర్.కె. బీచికి పోతే తప్ప నీళ్ళు కంటపడవు. అదే కారయితే ఇంటి దగ్గర్నుంచే ఉప్పాడ బీచి రోడ్డు. కుడిచేతి వైపంతా సముద్రం. పైన హైవే ఎక్కాక కూడా పాయకరావుపేట దగ్గర దిగి పెంటకోట చూడొచ్చు, అడ్డరోడ్డు దగ్గర తిరిగి రేవుపోలవరం చూడొచ్చు. సముద్రం కోసం బయల్దేరి సముద్రం లేని దారిలో ఎందుకు పోవాలి?

వదిన: ఉప్పాడ రోడ్డు ఏ తుపానుకి తెగుతుందో, ఎప్పటికి బాగుపడుతుందో ఎవరికీ తెలీదు. జియో ట్యూబులతో గోడ కట్టారు. సముద్రం దాన్నీ నిలవనివ్వలేదు. రాళ్ళు పోశారు. ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి, ఊరు వెనక్కి జరుగుతూనే ఉంది. మన కాకినాడకి మాత్రం హోప్ ఐలాండ్ అడ్డుంది. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో రెండు వందల ఏళ్ళలో పెరిగిన దిబ్బ అది. దాని చాటునే మన రేవు క్షేమంగా ఉంది. ఆ దిబ్బ ఉత్తరానికి సాగేకొద్దీ ఉప్పాడకి చేరాల్సిన ఇసుక ఆగిపోయిందనీ, కెరటాల తాకిడి అటు ఎక్కువైందనీ తీరాన్ని పరిశీలించినవాళ్ళు చెబుతున్నారు. మన క్షేమానికీ వాళ్ళ నష్టానికీ మూలం ఒక్కచోటే ఉంది. ఆ రోడ్డు మీద కారు ఆపి ఫొటోలు తీసుకోవడం నాకు మనసొప్పదు.

మరదలు: నాకూ మనసుంది వదినా. ఉప్పాడ వద్దంటే కత్తిపూడి మీదుగా హైవేకే వెళ్దాం. నేనడిగింది అది కాదు. సముద్రం పక్కన నడిచే రైళ్ళు లేవా? రామేశ్వరం వెళ్ళినప్పుడు పాంబన్ వంతెన మీద ఎంత బాగుంది! రెండు పక్కలా నీళ్ళే. కొలంబో నుంచి గాల్ వెళ్ళే బండి వీడియోలు చూడండి, పట్టాల పక్కనే కెరటాలు విరుగుతాయి. అది విహారానికి తగిన రైలు. మన పాసింజరులో ఏముంది, పొలాలూ తాటిచెట్లూ తప్ప?

వదిన: ఆ రెండు దారుల గురించీ నేను పాఠంలో చెబుతాను కాబట్టి అంటున్నాను. 1964 డిసెంబరు తుపానులో పాంబన్ నుంచి ధనుష్కోటి వెళ్ళే పాసింజరు మనుషులతో సహా ఉప్పెనలో కొట్టుకుపోయింది. ఆ తర్వాత ధనుష్కోటికి మళ్ళీ రైలే లేదు. 2004 డిసెంబరు 26న సునామీలో నువ్వు చెప్పిన శ్రీలంక లైనులోనే, పెరలియ అనే ఊరి దగ్గర, ఒక్క బండిలో వెయ్యి మందికి పైగా పోయారు. రైలు ప్రమాదాల చరిత్రలో అంత ఘోరం ఇంకొకటి లేదు. ఆ దారులు అందమైనవే, కాదనను. మన లైను సముద్రానికి దూరంగా ఉండటం మాత్రం లోపం కాదంటాను.

మరదలు: అంటే భయపడి దూరంగా వేశారంటారా?

వదిన: భయం ఒక్కటే కాదు, నదులు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని 1893 నుంచి 1896 లోపల బెజవాడ, కటక్ మధ్య ఈ లైను వేశారు. మనం పోయే దారిలోనే చూడు: పిఠాపురం దగ్గర ఏలేరు, అన్నవరం దగ్గర పంపా, తుని దగ్గర తాండవ, అనకాపల్లి దగ్గర శారద. ఇవన్నీ సముద్రంలో కలిసే చోట ఉప్పుటేర్లు, బురద, ఇసుక మేటలు. వర్షాకాలంలో ఒడ్డు ఎక్కడుందో తెలియని నేల. కొంత పైకొస్తే గట్లు గట్టిగా ఉంటాయి, వంతెన నిలుస్తుంది, ఊళ్ళూ సంతలూ అక్కడే ఉన్నాయి. అందుకని కొండలకీ సముద్రానికీ మధ్య సన్నటి నేల చూసుకుని పట్టాలు వేశారు. ఎడమ కిటికీలో తూర్పు కనుమల కొసలు. కుడివైపు తాటితోపుల అవతల ఎక్కడో సముద్రం. ఈ నేల ఎంత ఇరుకో హైవే మీద తెలీదు. అన్నవరం దగ్గర రైలు, రోడ్డు, ఏరు, రత్నగిరి కొండ అన్నీ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ పోయే చోట రైలు కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది.

మరదలు: ఇది భూగోళం పాఠం. నేనడిగేది ఆదివారం గురించి.

వదిన: ఇంకొక్క మాట చెప్పి ఆదివారానికి వస్తాను. రైలు రాకముందు మన రెండు ఊళ్ళకీ దారి సముద్రమే. దక్షిణానికైతే కాకినాడ నుంచి కాలువలున్నాయి, పడవల్లో మద్రాసు దాకా పోయేవాళ్ళు. ఉత్తరానికి కాలువ లేదు. ఓడెక్కాలి, లేదా బండి కట్టాలి. కూలి కోసం రంగం (రంగూన్) పోయిన తెలుగువాళ్ళలో చాలామంది ఈ తీరం నుంచే ఓడలెక్కారు: కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం. మన కోరంగి పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అన్నారు. అప్పట్లో ప్రతి ఊరి ముఖం సముద్రం వైపే ఉండేది. రైలు వచ్చాక సరుకు స్టేషనుకి తిరిగింది. భీమిలి లాంటి రేవులు వెనకబడ్డాయి. విశాఖలో 1933లో లోపలి హార్బరు తెరిచి రైలుతో కలిపారు, అది మహానగరమైంది. కాకినాడ మెయిన్ లైనుకి పక్కన ఉండిపోయింది. పిఠాపురం నుంచి లైను వేసి మెయిన్ లైనులో కలపండని ఈ ఊరు ఎన్నేళ్ళుగానో అడుగుతోంది. సామర్లకోట దాకా వెళ్ళి మెయిన్ లైను ఎక్కే ఆ పదీ పన్నెండు కిలోమీటర్లలోనే కాకినాడ చరిత్రలో సగం ఉంది. ఆ కాస్త దూరం ఎందుకు తిరుగుతున్నామో తెలిసి కూర్చుంటే ఆ ప్రయాణం విసుగు పుట్టదు.

మరదలు: మీకు పుట్టదు. నా సంగతి చెబుతాను వినండి. ఆరు రోజులూ నా టైము ఇంకొకళ్ళ చేతిలో ఉంటుంది. మీటింగు ఎప్పుడంటే అప్పుడు, ఫోను ఎప్పుడు మోగితే అప్పుడు. ఏడో రోజు కూడా స్టేషను మాస్టరు సిగ్నలిచ్చేదాకా కూర్చోవాలా? పాసింజరుని ఏ హంసవరంలోనో గుల్లిపాడులోనో లూపు లైనులో పెడతారు. వందే భారత్ పోవాలి, గూడ్సు పోవాలి, ఆ తర్వాత మనం. కారులో నేను ఆగాలంటే ఆగుతాను, పోవాలంటే పోతాను. తీరిక అంటే నా సమయం నా చేతిలో ఉండటం.

వదిన: నీ చేతిలో ఉండేది స్టీరింగు. విశాఖ దాకా మూడు గంటలు ముందు లారీని, వెనక బస్సుని, పక్కన దూసుకొచ్చే బైకుని చూస్తూ కూర్చుంటావు. మేం వెనక సీట్లో కబుర్లు చెప్పుకుంటాం, నువ్వు వినడానికి కూడా లేదు. సాయంత్రం మళ్ళీ అదే మూడు గంటలు, చీకట్లో, ఎదుటి లైట్ల మధ్య. అందరికీ సెలవు, నీకు ఒక్కదానికి డ్రైవరు పని. ఇంట్లో వంట నీది, ఆఫీసు నీది, ఆఖరికి విహారంలో బండి తోలడం కూడా నీదేనా? రైల్లో నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. లూపులో పెట్టినప్పుడు ఎవరూ నిన్ను త్వరపెట్టరు. ఆ అరగంటకి నువ్వు జవాబుదారీ కాదు.

మరదలు: ఈ మాట నిజమే. నాకెవరూ ఇంతవరకు ఇలా చెప్పలేదు. కానీ ఆ అరగంటలో అమ్మకి బాత్రూము వస్తే? పాసింజరుగా నడిచే మెమూ రేకుల్లో కొన్నిటికి అసలు టాయిలెట్టే లేదు. ఉన్న కొత్తవాటిలో నీళ్ళుంటాయన్న నమ్మకం లేదు. నాలుగు గంటల ప్రయాణం, డెబ్భై దాటిన మనిషి, షుగరు. మన ఆడవాళ్ళం ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తాం. మీరూ తగ్గిస్తారు, నేను చూశాను. తీరిగ్గా కూర్చోమంటున్నారు గాని, దాహమేసినా నీళ్ళు తాగని మనిషికి తీరికేమిటి?

వదిన: దీనికి నా దగ్గర జవాబు లేదు. అత్తయ్యగారి సంగతి నేను ఆలోచించలేదు.

మరదలు: ఇంకోటి. ఆ బండి మన విహారానికి వేసింది కాదు. పిఠాపురం, గొల్లప్రోలు నుంచి చదువుకునే పిల్లలు, తుని నుంచి కూలి పనికి పోయేవాళ్ళు, అనకాపల్లి దాటాక విశాఖలో డ్యూటీ ఎక్కాల్సినవాళ్ళు. వాళ్ళే నిలబడి వెళ్తుంటే మనం నలుగురం కిటికీ సీట్లు పట్టుకుని ప్రకృతి చూడటం నాకు బాగుండదు.

వదిన: అందుకే ఆదివారం అన్నాను. ఆ రోజు ఉద్యోగాల రద్దీ ఉండదు. అయినా వాళ్ళ మధ్య కూర్చోవడం తప్పని నేననుకోను. ఎవరైనా నిలబడితే జరిగి చోటిస్తాం, ఆ బండిలో అందరూ చేసేది అదే. ముగ్గురి సీట్లో నలుగురు సర్దుకుంటారు. అన్నవరంలో ఎక్కినవాళ్ళు విస్తరాకు పొట్లం విప్పి గోధుమరవ్వ ప్రసాదం తలా ఇంత పెడతారు, నువ్వెవరని అడగరు. ఎండాకాలమైతే తునిలో ముంజలు, మామిడిపళ్ళు. అనకాపల్లి వచ్చేసరికి బెల్లం మాట. దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి గదా, ఎదుటి సీట్లో ఎవరో ఒకరు ఈ ఏటి ధర చెబుతారు. ఆ ఊరి పక్కనే బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన బౌద్ధ గుహలున్నాయి. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగేవాళ్ళు అక్కడ్నుంచి ఇంకా బస్సెక్కి కొండలవైపు పోవాలి. అటే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి. కారులో పోతే ఇవన్నీ హైవే మీద ఆకుపచ్చ బోర్డులు. బండిలో అయితే ఆ ఊరివాళ్ళే నీ ఎదురుగా కూర్చుని ఉంటారు.

మరదలు: ఫోను చూసుకుంటూ కూర్చుంటారు వదినా ఇప్పుడు. కాలం మారింది.

వదిన: కొందరు చూస్తారు. ఛార్జింగు అయిపోయాక మాట్లాడతారు. అసలు మాటే అక్కర్లేదు, కిటికీ చాలు. పిఠాపురం దగ్గరి పల్లెలో పుట్టిన కవి కృష్ణశాస్త్రి 1920లో వైద్యం కోసం బళ్ళారి పోతూ రైలు కిటికీలోంచి చూసిన ప్రకృతే ‘కృష్ణపక్షం’కి ప్రేరణ అంటారు. జబ్బు మనిషి, పని లేదు, చూడటం తప్ప చెయ్యగలిగిందీ లేదు. మనం కవులం కాకపోయినా, నాలుగు గంటలు చూడటం తప్ప ఏ పనీ లేకుండా కూర్చోవడం మన జీవితంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

మరదలు: సరే, వెళ్ళేటప్పుడు అనుకుందాం. వచ్చేటప్పుడు? సాయంత్రం విశాఖలో ఎక్కితే ఇక్కడ దిగేసరికి రాత్రి. ఆలస్యమైతే ఇంకా రాత్రి. సామర్లకోట దాటేసరికి పెట్టె సగం ఖాళీ. మీరూ నేనూ అమ్మా పాపా, అందరం ఆడవాళ్ళమే. స్టేషను బయట ఆటో ఎంతడిగితే అంత. కాలేజీ పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి రాత్రి బండిలో నా పెట్టెలో ఆడవాళ్ళెవరూ మిగల్లేదు. ఇల్లు చేరేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. కారు కొన్నది షోకుకి కాదు వదినా, ఆ రాత్రి మళ్ళీ రాకూడదని.

వదిన: నువ్వెప్పుడూ చెప్పలేదే ఈ మాట.

మరదలు: చెప్పేంత ఏమీ జరగలేదు. అందుకే చెప్పలేదు.

వదిన: ఏమీ జరగకుండానే ఒక పిల్ల రైలు మానేసింది. ఇది చిన్న సంగతి కాదు. మన ఊళ్ళోనే, 1923 కాంగ్రెసు మహాసభల్లో, పద్నాలుగేళ్ళ దుర్గాబాయి ప్రదర్శన గేటు దగ్గర నిలబడి టికెట్టు లేదని నెహ్రూనే ఆపింది. ఆ వయసు పిల్ల అంత ధైర్యంగా గేటు కాసిన ఊరు ఇది. అలాంటి ఊళ్ళో టికెట్టు కొన్న ఆడపిల్ల భయపడుతూ ప్రయాణం చెయ్యాలా? నీ కారు తప్పని నేనిక అనను. కానీ కారు కొనలేని పిల్లలున్నారు. వాళ్ళకి ఆ రాత్రి బండి తప్ప ఇంకోటి లేదు. మనలాంటివాళ్ళం ఎక్కడం మానేస్తే ఆ పెట్టె ఇంకా ఖాళీ అవుతుంది.

మరదలు: మనం ఎక్కినంత మాత్రాన బాగుపడుతుందా? కోవిడ్ తర్వాత ఏం చేశారో చూశాం. పాసింజరుకి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి కనీస ఛార్జీ 10 రూపాయలున్నది 30 చేశారు. బండి అదే, వేగం అదే. చిన్న చిన్న హాల్టులు ఎత్తేశారు.

వదిన: 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10 రూపాయలకి తెచ్చారుగా. అడగ్గా అడగ్గా తెచ్చారు. దేశమంతా ప్రయాణికుల సంఘాలు అర్జీలు పెట్టాయి, పేపర్లు రాశాయి. రోజూ ఎక్కేవాళ్ళున్నారు కాబట్టి అడిగే గొంతు ఉంది. తిరగేసి చూడు: ఎక్కేవాళ్ళు లేరన్న కారణం చూపించే హాల్టులు ఎత్తేస్తారు.

మరదలు: అయితే మనం రెండు పనులు చేద్దాం. ఈ ఆదివారం మీరన్నట్టే పొద్దున్న పాసింజరులో వెళ్దాం. టాయిలెట్టున్న రేకు వస్తుందా రాదా అన్నది నేను ముందురోజు స్టేషనుకి వెళ్ళి కనుక్కుంటాను. లేదంటే అమ్మని సామర్లకోటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కిద్దాం, తోడు నేను వెళ్తాను, మీరూ పాపా పాసింజరులో రండి. రాత్రి బండికి మాత్రం నేను ఒప్పుకోను. మధ్యాహ్నం బీచీ, సబ్‌మెరైన్ మ్యూజియం చూసుకుని, ఎండ ఉండగానే ఏ ఎక్స్‌ప్రెస్ దొరికితే అందులో వచ్చేద్దాం. రెండో పని, అర్జీ. రాయడం మీ వంతు, సంతకాలు నా వంతు. మా ఆఫీసులోనే అనకాపల్లి, తుని వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు.

వదిన: విశాఖలో పూర్తిగా సాయంత్రం చూడకుండా వచ్చెయ్యడం నాకు కష్టంగానే ఉంది. ఆర్.కె. బీచి సాయంత్రమే బాగుంటుంది. కానీ నువ్వు చెప్పిందానికి ఎదురు చెప్పను. అర్జీలో ఏం రాయమంటావు?

మరదలు: పెద్ద పెద్ద మాటలు వద్దు. ఈ దారిలో నడిచే ప్రతి మెమూ రేకులో టాయిలెట్టు, అందులో నీళ్ళు. రాత్రి బండిలో ఆడవాళ్ళ పెట్టె ఇంజను పక్కనో గార్డు పక్కనో ఉండాలి, అందులో ఒక కానిస్టేబులు ఉండాలి. స్టేషన్లలో ఆటో ధరల బోర్డు పెట్టాలి. ఎత్తేసిన హాల్టులు తిరిగివ్వాలి. ఇంకోటి మీ కోసం రాయండి.

వదిన: నా కోసమా?

మరదలు: ఆదివారాలు విశాఖ నుంచి తిరుగు బండి ఒక గంట ఆలస్యంగా వెయ్యమనండి, బీచి చూసుకుని ఎక్కేలా. ఆడవాళ్ళ పెట్టె సంగతి తేలితే అందులో నేనూ వస్తాను.

వాళ్ళ అర్జీ ఇంకా పూర్తి కాలేదు. కాకినాడ, సామర్లకోట, పిఠాపురం, తుని, యలమంచిలి, అనకాపల్లి స్టేషన్లలో ఈ పాసింజరు ఎక్కేవారెవరైనా మీ దగ్గర కూడా ఒక కాగితం రాసి సంతకాలు పెట్టించండి. టాయిలెట్టు, ఆడవాళ్ళ పెట్టె, హాల్టు: ఈ మూడూ మాత్రం వదలకుండా అడగండి.